పోలి పాడ్యమి దాటాక పులుసులోకి మామిడికాయ: వేసవిలోనే ఫ్రీజర్‌లో దాచుకోవడం ఎలా?

కార్తీకమాసం అంతా నీచు ముట్టని ఇళ్లలో పోలి పాడ్యమి దాటగానే అందరూ అడిగేది చేపల పులుసే. మా నెల్లూరులో ఆ మర్నాడు చేపల మార్కెట్లో కాలు పెట్టే సందు ఉండదు. చేప దొరుకుతుంది, చింతపండు ఇంట్లోనే ఉంటుంది. లేనిదల్లా మామిడికాయ. డిసెంబరులో ఎక్కడన్నా నాలుగు కాయలు కనబడినా, రేటు విన్నాక చేతిలోది మళ్లీ బుట్టలో పెట్టేసి వస్తాం. మామిడికాయ ముక్క పడని పులుసు పులుసు కాదని అనను గానీ, అది చేసిన రోజు మా ఇంట్లో ఎవరూ రెండోసారి వడ్డించుకోరు.

అందుకే ఏప్రిల్, మే నెలల్లో కాయ చౌకగా ఉన్నప్పుడే కొంత ఫ్రీజర్‌లో వేసుకుంటాను. ఇది కష్టమైన పనేమీ కాదు. కొన్ని చిన్న విషయాలు పట్టించుకుంటే చాలు.

ముందు ఏం దాచాలో తేల్చుకోండి

ఫ్రీజర్ ఎంత ఉంటుంది కనుక! కనబడిందల్లా కుక్కితే ఏదీ సరిగా గడ్డకట్టదు. నవంబరు నుంచి జనవరి దాకా మీ ఇంట్లో ఏం వండుతారో, అందులోకి ఆ రోజుల్లో దొరకనివి ఏమిటో ఆలోచించండి. నా లెక్కలో అవి మూడు: పులుసులోకి మామిడికాయ ముక్కలు, పప్పులోకి, రొయ్యల్లోకి చింతచిగురు, పిల్లల కోసం మామిడిపండు గుజ్జు. చోటు మిగిలితే మునక్కాయలు. వంకాయ, దోసకాయ ఏడాది పొడవునా దొరికేవే, వాటికి ఆ చోటు దండగ. తాటిముంజలు ఒక ఏడాది పెట్టి చూశాను. లోపలి నీళ్లు పోయి రబ్బరు ముక్కల్లా తయారయ్యాయి. వాటిని వేసవిలోనే తినేయాలి.

నిమ్మకాయ లెక్క దీనికి తిరగబడుతుంది. గూడూరు, పొదలకూరు నిమ్మ మన దగ్గరిదే అయినా ఎండాకాలంలో దాని ధర మండిపోతుంది. చౌకగా ఉండే వానల రోజుల్లో రసం పిండి ఐస్ ట్రేలో పోసి పెట్టుకుంటే మే నెలకు పనికొస్తుంది.

ఫ్రీజర్ సంగతి

ఎనిమిది నెలలు నిలవ ఉండాలంటే లోపల మైనస్ 18 డిగ్రీలు ఉండాలి. థర్మామీటర్ లేకపోతే ఐస్‌క్రీమ్ డబ్బా పెట్టి చూడండి. మర్నాటికి రాయిలా గట్టిపడితే సరే, చెంచా సులువుగా దిగిపోతే ఆ చల్లదనం చాలదు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న అరకు చాలాసార్లు అంత చల్లదనం రాదు. అలాంటిది ఉన్నవాళ్లు రెండు మూడు నెలల్లో వాడుకునేంత మటుకే పెట్టుకోండి, మిగతా కాయను ఒరుగులు చేసుకోవడం మేలు.

డబుల్ డోర్ అయినా అంతా ఒకేరోజు నింపకండి. రోజుకు కిలోన్నర దాటకుండా పెట్టండి. ఎక్కువ పెడితే నెమ్మదిగా గడ్డకడుతుంది. నెమ్మదిగా గడ్డకట్టినప్పుడు ముక్క లోపలి నీరు పెద్ద పెద్ద మంచు పలుకులుగా మారి కండను చీల్చేస్తుంది, వండేసరికి ముక్క ముద్దయిపోతుంది.

మామిడికాయ ముక్కలు

పుల్లటి నాటుకాయ తెచ్చుకోండి. నొక్కితే గట్టిగా ఉండాలి, లోపల పసుపు తిరగకూడదు. తొడిమ తుంచి అరగంట నీళ్లలో వేస్తే సొన పోతుంది. తరువాత కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద ఆరబెట్టండి. ఈ తుడవడం దగ్గర బద్ధకించొద్దు. కాయ మీది తడే తరువాత మంచుగడ్డ అయి ముక్కలన్నిటినీ అతికించేస్తుంది.

తొక్కతోనే రెండంగుళాల ముక్కలు కోసి, లోపలి జీడి పూర్తిగా తీసేయండి, లేకపోతే వగరు దిగుతుంది. టెంకతో కలిపి కోసిన ముక్క చీకడానికి బాగుంటుంది గానీ, దాని అంచు కవరును చీలుస్తుంది. అలాంటి ముక్కలను డబ్బాలో పెట్టండి.

మామిడికాయను ఉడకబెట్టక్కర్లేదు, దాని పులుపే రంగును, రుచిని కాపాడుతుంది. ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించే అలవాటు కొందరికి ఉంది. అది ఒరుగులకు బాగుంటుంది, ఇక్కడ వద్దు. ఉప్పు వేస్తే నీరు ఊరి ముక్కలు మెత్తబడతాయి.

స్టీలు పళ్లెంలో ఒక ముక్కకు ఒకటి తగలకుండా పరిచి, మూడు నాలుగు గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి. గట్టిపడ్డాక తీసి, వెంటనే జిప్ కవర్లలోకి మార్చండి. ఒక్కో కవరులో ఒక్క పులుసుకు సరిపడానే, అంటే కిలో చేపకు ఎనిమిది పది ముక్కలు. కవరును నోటిదాకా నీళ్ల గిన్నెలో ముంచితే లోపలి గాలి దానంతటదే పైకి వచ్చేస్తుంది. నోట్లోకి నీళ్లు పోకుండా చూసుకుని అప్పుడు మూయండి. గాలి మిగిలితే ముక్కలు అంచుల దగ్గర తెల్లగా ఎండిపోతాయి. పైన తేదీ రాయండి. గుర్తుంటుందిలే అనుకుంటాం గానీ, ఆర్నెల్లు పోయాక ఏ కవరు ఎప్పటిదో ఎవరికీ తెలియదు.

చింతచిగురు, మునక్కాయ, గుజ్జు

చింతచిగురు ఈనెలు తీసి, కడిగి, గుడ్డ మీద నీడన ఆరబెట్టండి. నూనె లేకుండా మూకుడులో రెండు నిమిషాలు వేడిచేస్తే వాడి, గుప్పెడంత అవుతుంది. పూర్తిగా చల్లారాక కవరులో పల్చగా పరిచి మూసేయండి. పల్చగా ఉంటే కావలసినంత విరిచి తీసుకోవచ్చు.

మునక్కాయకు మాత్రం మరిగే నీళ్లు కావాలి. ముక్కలను రెండు మూడు నిమిషాలు మరిగించి, వెంటనే ఐస్ నీళ్లలో వేసి, ఆరబెట్టి పెట్టండి. ఈ పని చేయకపోతే కాయలో ఉండే ఎంజైములు ఆ చల్లదనంలో కూడా కొద్దికొద్దిగా పనిచేస్తూనే ఉండి, రంగూ రుచీ చెడగొడతాయి.

గుజ్జుకు ఉలవపాడు బంగినపల్లి నాకిష్టం. హైవే పక్కన కొట్లలో బుట్ట బేరమాడేటప్పుడు బాగా మాగినవి అడగండి. కాయలకు కాస్త మచ్చలున్నా పరవాలేదు. నీళ్లు పోయకుండా మిక్సీ పట్టి, కిలో గుజ్జుకు రెండు చెంచాల నిమ్మరసం కలిపి డబ్బాల్లో పోయండి. గడ్డకట్టేటప్పుడు గుజ్జు ఉబ్బుతుంది కనుక పైన అంగుళం ఖాళీ వదలండి. గాజు సీసాలు వద్దు, పగులుతాయి. చేపలూ రొయ్యలూ ఉన్న అరలో గుజ్జు పెట్టొద్దు. వాసన పడితే ఎవరూ ముట్టరు. నీచు ఎప్పుడూ కింది అరలోనే ఉండాలి.

తుఫాను రోజుల్లో

మనకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే కురుస్తుంది, కరెంటు పోయేదీ అప్పుడే. అంటే దాచిన కాయ బయటికి తీయాల్సిన రోజుల్లోనే దానికి గండం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు ఎలా ఉందో చూద్దామని గంటకోసారి ఫ్రీజర్ తలుపు తీసి చూశాను. ఆ తీయడం వల్లే సగం గుజ్జు పాడైంది. తలుపు తీయకుండా ఉంటే నిండుగా ఉన్న మంచి ఫ్రీజర్ రెండు రోజులు, సగం నిండింది ఒక రోజు చల్లదనం నిలుపుకుంటుంది. తుఫాను హెచ్చరిక రాగానే ఖాళీ చోట్లలో నీళ్ల సీసాలు ముప్పావు వంతు నింపి పెట్టండి. ఒక గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి దాని మీద రూపాయి బిళ్ల ఉంచండి. కరెంటు వచ్చాక బిళ్ల అడుక్కి దిగి ఉంటే అంతా కరిగి మళ్లీ గడ్డకట్టినట్టే, లోపలివి పారేయండి. బిళ్ల పైనే ఉండి, ముక్కల్లో ఇంకా మంచు పలుకులు ఉంటే ధైర్యంగా వాడుకోవచ్చు.

మా అమ్మమ్మ మాత్రం ఎండబెట్టిన ఒరుగుల జాడీ చూపించి నవ్వేది. దానికి కరెంటుతో పనిలేదు. ఇప్పుడు నేనూ సగం కాయ ఒరుగులకే తీసిపెడుతున్నాను.

వండేటప్పుడు

ముక్కలను ముందుగా బయట పెట్టి కరిగించకండి, నీరు కారి పీచు మిగులుతుంది. చేప ముక్కలు వేసి పులుసు ఒక పొంగు వచ్చాక, ఫ్రీజర్‌లోంచి తీసినవి తీసినట్టే వేసేయండి. ఇవి పచ్చి ముక్కల కన్నా త్వరగా మెత్తబడతాయి కనుక ముందే వేయకూడదు. చింతపండు రోజూ కన్నా కాస్త తగ్గించండి. గరిట పెట్టకుండా గిన్నెను రెండు చేతులా పట్టి తిప్పి, పొయ్యి ఆపి మూత పెట్టేయండి. తినడం మర్నాడు పొద్దున.