లెంట్ రోజుల్లో మట్టిని, నీళ్ళను కాపాడుకునే ఉపవాసం ఎలా చేయాలి?

ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలే లెంట్. అది మొదలయ్యే భస్మ బుధవారం నాడు నుదుట బూడిద పెట్టేటప్పుడు "నీవు మన్నే గనుక తిరిగి మన్నైపోదువు" అన్న మాట వింటాం, అది బైబిల్ మొదటి గ్రంథం ఆదికాండంలోది. అదే గ్రంథం రెండో అధ్యాయంలో దేవుడు నరుణ్ణి ఏదెను తోటలో ఉంచింది "సేద్యపరచుటకును దాని కాచుటకును" అని ఉంది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ రాసిన విశ్వలేఖ (సంఘమంతటికీ రాసే లేఖ) 'లౌదాతో సీ' కూడా ఈ వచనాన్ని గుర్తుచేసింది. కాచే పని మనకు అప్పగించినది కాబట్టి, దాన్ని మరిచిపోయినందుకు పశ్చాత్తాపపడటమూ లెంట్‌లో భాగమే అని నేను గట్టిగా నమ్ముతాను.

మాంసం మానేసేవాళ్ళు, టీ మానేసేవాళ్ళు దాన్ని అలాగే కొనసాగించండి. దానికి తోడు కింద చెప్పినవాటిలో ఒకటో రెండో ఎంచుకుని, ఇంట్లో అందరూ కూర్చుని ప్రార్థన చేసి మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి తలకెత్తుకుంటే రెండో వారానికే వదిలేస్తాం.

భస్మ బుధవారం నాడే ఎరువు కుండ పెట్టండి

నా మటుకు నేను అందరికీ మొదట చెప్పేది ఇదే. తిరుపతి, చిత్తూరు వీధుల్లో ఎండలు ముదిరేసరికి చెట్లు ఆకులు రాలుస్తాయి. వాటిని ఊడ్చి కుప్పపోసి అగ్గిపుల్ల గీయడం మనకు అలవాటైపోయింది. ఆ పొగ పీల్చేది పక్కింటి పసిపిల్లలు, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళు. శేషాచలం అడవుల్లో మంటలు రేగేది కూడా ఈ కాలంలోనే. కొండ దగ్గరకు ప్రార్థనకు వెళ్ళేవాళ్ళు అక్కడ నిప్పు రాజేయకండి.

ఆ ఆకులను ఒక గోతాంలో దాచుకోండి. పాత బకెట్టుకు గానీ మట్టికుండకు గానీ అడుగున, పక్కల చిన్న చిల్లులు పెట్టి, రెండు ఇటుకల మీద నీడలో ఉంచండి. అడుగున నాలుగు వేళ్ళ మందం ఎండాకులు పరవండి. దాని మీద కూరగాయల తొక్కలు, టీపొడి, వాడిన పూలు వేయండి. దోసెడు తడిచెత్తకు రెండు దోసిళ్ళ ఎండాకులు వేయడం మరవకండి. మొదటిసారి గుప్పెడు తోటమట్టి, కాస్త పులిసిన మజ్జిగ కలిపితే కుళ్ళడం త్వరగా మొదలవుతుంది. ఎముకలు, నూనె కూరలు మాత్రం వద్దు.

వారానికి రెండుసార్లు కర్రతో కలియతిప్పండి. పిడికిట్లో పట్టి పిండితే చెయ్యి తడవాలి గానీ నీళ్ళు కారకూడదు. కంపు కొడుతుంటే తడి ఎక్కువైనట్టు, ఇంకాస్త ఆకులు కలపండి. చీమలు పడితే పొడిబారినట్టు, నీళ్ళు చిలకరించండి. బుధవారం నుంచి ఈస్టర్ దాకా ఆదివారాలతో కలిపి 46 రోజులు. మన ఎండలకు అప్పటికి అడుగుభాగం నల్లగా, మట్టివాసనతో పొడిపొడిగా తయారవుతుంది. పైభాగానికి ఇంకో రెండు మూడు వారాలు పడుతుంది.

నీళ్ళు

సెకనుకు ఒక చుక్క కారే కుళాయి రోజుకు సుమారు 20 లీటర్లు పారబోస్తుంది, అంటే మనం కొనే ఒక క్యాను. ముందు వాషర్ మార్పించండి. ఇంట్లో ఆర్వో ఫిల్టర్ ఉంటే అది వదిలేసే నీళ్ళను బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి వాడండి. ఉప్పు ఎక్కువ ఉంటుంది కాబట్టి మొక్కలకు రోజూ పోయకండి.

ఉపవాసం విడిచేటప్పుడు వారంలో కొన్ని పూటలు అన్నం బదులు రాగి సంగటి, ఊరిబిండి తినండి. వరితో పోలిస్తే రాగికి చాలా తక్కువ నీళ్ళు చాలు. మన మెట్టపొలాల పంట కూడా అదే.

చెత్తబండి అన్నను, అక్కను తలచుకోండి

తడిచెత్త, పొడిచెత్త కలిపి ఇస్తే వాటిని చేత్తో విడదీసేది పారిశుధ్య కార్మికులే. పగిలిన గాజును, బ్లేడ్లను, ప్యాడ్లను కాగితంలో చుట్టి, పైన గుర్తు పెట్టి విడిగా ఇవ్వండి. బైబిల్‌లోని యెషయా గ్రంథం 58వ అధ్యాయంలో దేవుడు కోరే ఉపవాసం కాడిని తీసివేసేది, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టేది. మాంసం మానేసి మిగిల్చిన డబ్బులో కొంత పెట్టి వాళ్ళకు చేతితొడుగులు, ఈ ఎండల్లో చల్లటి మజ్జిగ ఇవ్వండి.

సంఘంగా చేయాల్సినవి

ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన తర్వాత ఇచ్చే మజ్జిగకు స్టీలు గ్లాసులే వాడండి, కడిగే పని యవనస్థులు పంచుకోవచ్చు. ఉపవాస కూడికలకు ఫ్లెక్సీ బదులు ఏ సంవత్సరమో రాయని గుడ్డ బ్యానర్ రాయించుకుంటే ఏటా పనికొస్తుంది.

ఈస్టర్‌కు ముందు ఆదివారమైన మట్టల ఆదివారానికి ఈతమట్టలు కోసేవాళ్ళు చెట్టు మొవ్వు (నడినెత్తిన లేత చిగురు) జోలికి పోవద్దు, అది పోతే చెట్టు చచ్చిపోతుంది. పక్క మట్టలే, అవీ ఒక్కో చెట్టుకు రెండో మూడో చాలు. ఆరాధన అయ్యాక వాటిని గుడిలో భద్రపరచండి. వచ్చే ఏడు భస్మ బుధవారానికి బూడిద వాటినుంచే చేసుకోవడం చాలా సంఘాల్లో పాత పద్ధతి.

ఈస్టర్ వేకువన సమాధుల మీద ప్లాస్టిక్ పూలదండలు వద్దు, బంతి, చామంతి పెట్టండి. వాడాక అవి ఎరువు కుండలోకి వెళ్తాయి.

ఈస్టర్ రోజు మొక్కలు నాటించే సంఘాలకు ఒక విన్నపం. ఏప్రిల్, మే ఎండలకు రోజూ నీళ్ళు పోసే మనిషి లేకపోతే మొక్క బతకదు. ఆ రోజు పిల్లలచేత చింతగింజలు నాటించండి. చింతపండు కొట్టే కాలం కాబట్టి గింజలు ఇంట్లోనే దొరుకుతాయి. రాత్రంతా నానబెట్టి, పాలప్యాకెట్లకు చిల్లులు పెట్టి, మట్టిలో మీరు చేసిన ఎరువు కలిపి నింపి, అంగుళం లోతున పెట్టండి. నీడలో ఉంచి తడి ఆరకుండా చూసుకుంటే వానాకాలానికి నాటే మొక్కలవుతాయి. ఏ మొక్కకు ఏ ఇంటివాళ్ళు నీళ్ళు పోయాలో ఈస్టర్ రోజే రాసుకోండి.