పండక్కి సెంటు కొట్టుకునే ముందు

భోగి దగ్గర పడింది. జేబులో చిన్న స్ప్రే, హ్యాండ్‌బ్యాగులో రోల్ ఆన్ అత్తరు పెట్టుకు తిరిగేవాళ్లు ఇవి చూసుకోండి.

– భోగి మంట దగ్గర స్ప్రే వద్దు. అందులో ఎక్కువ భాగం ఆల్కహాలే, ఇట్టే అంటుకుంటుంది. దేవుడి దీపం ముందు, గ్యాస్ పొయ్యి పక్కన కూడా అంతే. ఇంట్లోనే కొట్టుకుని, తడి ఆరాక బయటికి రండి.

– ఉప్పాడ పట్టు మీద అసలు పడనివ్వకండి. అత్తరంటే నూనె, మరక ఓ పట్టాన వదలదు. స్ప్రే అయితే కొన్ని రంగులు పాలిపోతాయి. ముందు ఒంటికి రాసుకుని, ఆరాక చీర కట్టుకోండి. ముత్యాలు, గిల్టు నగలు చిట్టచివర. సెంటు తగిలితే మెరుపు తగ్గుతుంది.

– కొత్త సీసా అయితే ముందురోజే మోచేతి మడతలో ఒక్క చుక్క. పడకపోతే చాలావరకు దురద ముందే తెలుస్తుంది.

– నిమ్మ, బెర్గమోట్ (ఇదీ నిమ్మజాతి పండే) నూనెలున్నవి మెడకి రాసుకుని కనుమ నాడు ఎండలో తిరగొద్దు. కొన్నిటికి చర్మం కమిలి మచ్చ పడుతుంది. చొక్కా కప్పే చోట ఒంటికి రాసుకోండి.

– జగ్గన్నతోట ప్రభల తీర్థానికైనా, అమలాపురం బస్సుకైనా రెండు చుక్కలు చాలు. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఘాటు వాసన పడదు. చెమట మీద మళ్లీ కొట్టుకోవడం మరీ ఘోరం, తుడుచుకుని రాసుకోండి.

– మూత బిగించి, కవర్లో చుట్టి, నిలబెట్టి పెట్టండి. ఆత్రేయపురం పూతరేకులున్న సంచిలో మాత్రం వద్దు. నేతి వాసన పోయి మల్లె వాసన కొడితే ఎవరు తింటారు?