ఆందోళనకు డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు జాగ్రత్తలు

పరీక్ష ముందో, పెళ్లి పనుల్లోనో గుండె దడదడలాడితే, పని అయిపోగానే తగ్గిపోతుంది. కారణం పోయాక కూడా తగ్గకుండా రెండు వారాలకు పైగా నిద్ర, తిండి, పని చెడగొడుతుంటే చూపించుకోవాల్సిందే. అంతకన్నా ముందే తట్టుకోలేకపోతే ఆగకండి.

☐ అపాయింట్‌మెంట్ వచ్చేదాకా రోజూ రాసుకోండి: దడ ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు, ఎన్ని గంటల నిద్ర, ఎన్ని కాఫీలు. "సాయంత్రం 6కి, బెంజి సర్కిల్ దగ్గర బస్సులో, 10 నిమిషాలు, చేతులు చల్లబడ్డాయి, మధ్యలో దిగిపోయాను" అని రాస్తే "ఎప్పుడూ భయమే" అనడం కన్నా డాక్టరుకు ఎంతో పనికొస్తుంది. దిగిపోయిన సంగతి తప్పక రాయండి. తప్పించుకున్నకొద్దీ ఈ భయం ముదురుతుంది.

☐ థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా దడ వస్తుంది. పాత రిపోర్టులు, ఉబ్బసం మందులతో సహా అన్ని చీటీలూ పట్టుకెళ్లండి.

☐ మందుల షాపులో అడిగి ఆల్ప్రజోలం (ఆందోళన తగ్గించే మాత్ర) కొనొద్దు, అలవాటు పడతారు. ఇప్పటికే రోజూ వాడుతుంటే ఉన్నట్టుండి మానొద్దు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

☐ గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఇంట్లో ఒకరిని తోడు తీసుకెళ్లండి.

ఛాతీ నొప్పి చెయ్యికో దవడకో పాకితే అది ఆందోళనేనని సరిపెట్టుకోకండి, 108కి ఫోన్ చేయండి. చచ్చిపోవాలనిపిస్తే ఒంటరిగా ఉండొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ లైన్ టెలీ మానస్ 14416కి వెంటనే చేయండి, 24 గంటలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.