తయారీ ఆగిపోయిన ఇన్‌లైన్ మజిల్‌లోడర్ కొనడం: వాడినవారి అభిప్రాయాలను ఎలా తూచాలి

అమెరికాలోని చాలా రాష్ట్రాలలో జింకల వేటకు మామూలు రైఫిల్ సీజనుతో పాటు మజిల్‌లోడర్లకు, అంటే మూతి నుంచి మందు దట్టించే తుపాకులకు, ప్రత్యేకంగా కొన్ని రోజులు కేటాయిస్తారు. అక్కడ స్థిరపడిన మన విశాఖపట్నం పిల్లలలో వేట మీద ఆసక్తి కలిగినవారు ఈ సీజను కోసం తుపాకీ వెతుకుతూ, తక్కువ ధరకు దొరికే పాత మోడళ్ల దగ్గర ఆగుతున్నారు. వాడినవారు వాటిని ఎంతో మెచ్చుకుంటారు, ఆ మెచ్చుకోలు చాలావరకు నిజమే. అయితే తయారీ ఆగిపోయిన తుపాకీని కొనేవాడు వెనక్కి ఇచ్చే వీలు లేకుండా, విడిభాగాల భరోసా లేకుండా కొంటున్నాడు కాబట్టి, పదిమంది మాటలలో దేనికి ఎంత విలువ ఇవ్వాలో ముందే తెలుసుకోవాలి. లోహపు పనిలోనే ఉద్యోగమంతా గడిపినవాణ్ణి కనుక, మా బంధువుల పిల్లలు ఈ సంగతులు నన్ను అడుగుతూ ఉంటారు. వారికి చెప్పే విషయాలనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక హద్దు గీయాలి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి కూడా లైసెన్సు ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. పాడేరు, చింతపల్లి వైపు నాటు తుపాకులను పోలీసులు స్వాధీనం చేసుకున్న వార్తలు మనం చదువుతూనే ఉంటాము. కాబట్టి అమెరికాలో కొన్న తుపాకీని ఎప్పుడో ఇంటికి తెచ్చుకోవచ్చునన్న ఆలోచన పెట్టుకోకూడదు. అక్కడ కొని అక్కడే వాడేవారికి మాత్రమే ఈ మాటలు వర్తిస్తాయి.

మజిల్‌లోడర్ అంటే మందును, గుండును గొట్టం మూతి నుంచే దట్టించే తుపాకీ. పాత పద్ధతిలో నిప్పురవ్వ గొట్టానికి పక్కనుంచి ప్రవేశిస్తుంది. ఇన్‌లైన్‌లో అది మందుకు సరిగ్గా వెనుక నుంచి, గొట్టానికి సమరేఖలో వస్తుంది. మిస్సోరీకి చెందిన టోనీ నైట్ 1985లో తయారుచేసిన ఎం.కె.-85తో ఈ పద్ధతి జనంలోకి వెళ్లింది. తరువాతి కాలంలో షాట్‌గన్ తూటాలలో మందును అంటించడానికి వాడే చిన్న బుడ్డి, అంటే 209 ప్రైమర్, దీనికి ప్రమాణంగా స్థిరపడింది. గొట్టం వెనుక చివరను మూసే మరబిగింపు దిమ్మను బ్రీచ్ ప్లగ్ అంటారు. పాత ఇన్‌లైన్ మంచిచెడ్డలలో సగానికి పైగా ఈ ఒక్క భాగంలోనే ఉంటాయి.

ఇక అభిప్రాయాల సంగతి. ఒక యజమాని తన తుపాకీని పొగిడినా తెగిడినా, అతడు ఏ మందు వాడాడు, కాల్చిన తరువాత ఎంతసేపటికి శుభ్రం చేశాడు, బ్రీచ్ ప్లగ్‌ను ఎంత తరచుగా విప్పాడు అన్న మూడు విషయాలు చెప్పకపోతే ఆ మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వను. "వంద గజాలలో గుండు మీద గుండు పడుతుంది" అన్న వాక్యం ఆ తుపాకీకి, ఆ మందుకు, ఆ గుండుకు సంబంధించినది. మీరు కొనబోయే తుపాకీ గొట్టం లోపల ఏముందో అది చెప్పదు. "ప్రతి సీజను చివర ప్లగ్ విప్పి, గ్రీజు రాసి బిగిస్తాను, ఇప్పటికీ చేత్తో తిరుగుతుంది" అన్న వాక్యం మాత్రం బంగారం లాంటిది. అటువంటి మనిషి అమ్ముతున్నాడంటే నాలుగు డాలర్లు ఎక్కువైనా సరే, అతని దగ్గరే కొనమంటాను.

మందుకు ఇంత ప్రాధాన్యం ఎందుకు ఇస్తున్నానో చెప్పాలి. సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన నల్లమందు (బ్లాక్ పౌడర్) కాలిన తరువాత గొట్టంలో లవణాలతో కూడిన మసి మిగులుతుంది. అది గాలిలోని తేమను పీల్చుకుని ఉక్కును తినడం మొదలుపెడుతుంది. నల్లమందుకు బదులుగా వచ్చిన పైరోడెక్స్‌లో పెర్‌క్లోరేట్ ఉంటుంది కాబట్టి అది మిగిల్చే క్లోరైడ్ మరీ కఠినమైనది. మన బీచ్ రోడ్డు ఇళ్ల కిటికీ ఊచలను ఉప్పుగాలి ఎలా తింటుందో చూసినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాస్తే ఈ రెండింటి మసీ పోతుంది. రెండు మూడు రోజులు వదిలేస్తే గుంటలు పడతాయి. ట్రిపుల్ సెవెన్ అనే మరో ప్రత్యామ్నాయ మందులో గంధకం లేదు, అదీ నీళ్లకు లొంగుతుంది, కానీ గుండు కూర్చునే చోట గట్టి మసి వలయం ఏర్పడి రెండవ గుండు దట్టించడం కష్టమవుతుందని వాడినవారు ఒకే గొంతుతో చెబుతారు. బ్లాక్‌హార్న్ 209 అనే మందు తేమను పీల్చదు, మసి తక్కువ. దాన్ని నీళ్లతో కాకుండా సాల్వెంట్‌తో శుభ్రం చేయాలి. అయితే దానికి 209 ప్రైమర్ ఇచ్చే బలమైన మంట తప్పనిసరి. కాబట్టి 11వ నంబరు క్యాపుతో (పాత రకం చిన్న నిప్పు బుడ్డి) పనిచేసే పాత తుపాకీని కొని అందులో బ్లాక్‌హార్న్ వాడదామనుకుంటే అది నెరవేరదు. ఒకే మోడల్ గురించి ఒకరు "పదేళ్లయినా గొట్టం అద్దంలా ఉంది" అని, మరొకరు "రెండేళ్లకే పాడైంది" అని చెబితే, ఇద్దరి మాటా నిజమై ఉండవచ్చు. ఆ తేడా సాధారణంగా మందులోనూ కడగడంలోనూ ఉంటుంది.

మోడళ్ల వారీగా చూస్తే కొన్ని అభిప్రాయాలు ఎంతో స్థిరంగా వినిపిస్తాయి. ఎం.కె.-85 గొట్టాన్ని, ట్రిగ్గర్‌ను అందరూ మెచ్చుకుంటారు. వెనుకనున్న మరతిప్పే రెండవ సేఫ్టీని వేటలో మరచిపోయి జింకను పోగొట్టుకున్నామన్న ఫిర్యాదు కూడా అంతే తరచుగా వస్తుంది. నైట్ కంపెనీ 2009లో ఆగిపోయి, తరువాత టెనెసీలోని ఏథెన్స్‌లో మళ్లీ మొదలైంది కాబట్టి ఒక పాత నైట్ కొనేముందు ఆ మోడల్ భాగాలు ఇప్పుడు ఏవి దొరుకుతున్నాయో అడిగి తెలుసుకోవడం సాధ్యమే. నైట్ వారి డిస్క్ రైఫిల్ కొంటే ప్రైమర్‌ను పట్టుకునే ప్లాస్టిక్ డిస్కులు కూడా కావాలని గుర్తుంచుకోవాలి. రెమింగ్టన్ 1996లో తెచ్చిన 700 ఎం.ఎల్. చేతిలో మామూలు 700 రైఫిల్ లాగే ఇమిడిపోతుంది, దాని యజమానులకు అదే ఇష్టం. మసి గొట్టం వెనుక కదిలే బోల్టులోకి, ట్రిగ్గర్ వైపుకు చేరుతుందని, శుభ్రం చేయడానికి ఓపిక కావాలని వారే చెబుతారు.

థాంప్సన్ సెంటర్ వారి ఒమెగా, ట్రయంఫ్, ఎన్‌కోర్ గురించి మాత్రం కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలకు ఎక్కువగా ఎదురయ్యేవి ఇవే. ఈ కంపెనీని స్మిత్ అండ్ వెసన్ 2007లో కొన్నది, 2021లో వదిలించుకుంటానని ప్రకటించింది, 2024లో పాత అధిపతి ఒకరు తిరిగి కొన్నారు. ఈ మధ్యకాలంలో విడిభాగాల కోసం యజమానులు పడిన ఇబ్బంది వారి మాటలలో కనిపిస్తుంది. ట్రయంఫ్ బ్రీచ్ ప్లగ్‌ను పనిముట్టు లేకుండా చేత్తోనే పావు చుట్టు తిప్పి తీయవచ్చు, అందువల్ల దాన్ని శుభ్రంగా ఉంచినవారే ఎక్కువ. ఈ కంపెనీ గొట్టాలలో చాలావాటికి మూతి దగ్గర కొంతమేర, గుండును తిప్పే లోపలి గాట్లు తీసేసి, గుండు సులువుగా దిగేలా వెడల్పు చేశారు. దీన్ని క్యూ.ఎల్.ఏ. అంటారు. ఆ వెడల్పు గొట్టానికి సరిగ్గా మధ్యలో ఉంటే మేలే, కొంచెం పక్కకు జరిగితే గుండు మూతి దాటేటప్పుడు ఒరిగి గురి చెదురుతుంది. అందుకే ఈ తుపాకుల మీద అభిప్రాయాలు రెండుగా చీలిపోయాయి. నా దృష్టిలో ఈ గొట్టం ఉన్న తుపాకీని లక్ష్యం మీద కాల్చి చూడకుండా కొనకూడదు.

శావేజ్ 10 ఎం.ఎల్.-2 సంగతి వేరు. హెన్రీ బాల్ రూపకల్పన నుంచి వచ్చిన ఈ తుపాకీలో, నేటి మామూలు తూటాలలో ఉండే పొగరాని మందు వాడేందుకు కంపెనీయే అనుమతించింది. దాన్ని ఇష్టపడేవారు ప్రాణంగా ఇష్టపడతారు. కానీ గొట్టాలు పేలిన కేసులు అమెరికా కోర్టుల దాకా వెళ్లాయి. ఎవరో చేతి కొలతతో పొగరాని మందు పోసి కాల్చిన పాత గొట్టాన్ని ఆ చరిత్ర తెలియకుండా కొనడం నేను సమర్థించను. ఇక్కడ చెప్పిన మిగిలిన తుపాకులలో దేనిలోనూ పొగరాని మందు చిటికెడు కూడా పోయకూడదు. పోస్తే గొట్టం పగిలి చేతులు, కళ్లు పోతాయి.

సి.వి.ఏ. అనే కంపెనీ పాత ఇన్‌లైన్ చవకగా కనిపిస్తే ముందు సీరియల్ నంబరు చదవండి. చివర 95 లేదా 96 ఉన్న 1995, 1996 నాటి ఇన్‌లైన్ తుపాకులను గొట్టం లోపం కారణంగా 1997లో కంపెనీ వెనక్కి పిలిచింది. ఆ పాత కంపెనీ ఆస్తులు 1999లో చేతులు మారాయి. అటువంటి నంబరు ఉన్న తుపాకీ ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదు. ఆ తరువాతి సి.వి.ఏ.లకు దీనితో సంబంధం లేదు.

ఇప్పుడు తుపాకీ చేతికి వచ్చినప్పుడు చేయవలసిన పని. మొదట దాన్ని తెరిచి ప్రైమర్ లేదని చూడాలి. తరువాత దట్టించే కడ్డీని గొట్టంలోకి అడుగుదాకా దించి, మూతి దగ్గర కడ్డీ మీద వేలితో గుర్తు పట్టుకుని, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూడాలి. కడ్డీ కొన బ్రీచ్ ప్లగ్ ముఖం దాకా రావాలి. ఒహాయోలో ఉంటున్న మా మేనల్లుడు ఒకరి గ్యారేజీలో ఒమెగా చూస్తూ వీడియో కాల్ చేసి "మావయ్యా, కొత్తదానిలా ఉంది, తీసేసుకుంటున్నాను" అన్నాడు. ముందు కడ్డీ వేసి చూడరా అన్నాను. కడ్డీ కొన ప్లగ్‌కు నాలుగు వేళ్ల వెడల్పు ఇవతలే ఆగింది. కిందటి సీజనులో దట్టించిన మందూ గుండూ ఇంకా లోపలే ఉన్నాయి, అమ్మేవారికి ఆ సంగతే గుర్తులేదు. అటువంటప్పుడు మీరు ఏమీ ముట్టుకోకుండా, ఆ పని యజమానికో గన్‌స్మిత్‌కో వదిలి దూరంగా నిలబడాలి.

గొట్టం ఖాళీ అని తేలాక బ్రీచ్ ప్లగ్ విప్పి చూపించమనాలి. "అది రాదు, అయినా బాగానే కాలుస్తుంది" అంటే బేరం అక్కడితో ఆపేయండి. మరలలో తుప్పు పట్టిన ప్లగ్‌ను బలవంతంగా తీస్తే గొట్టం మరలు చెడతాయి, తీయకపోతే గొట్టం శుభ్రం కాదు. ప్లగ్ వచ్చాక దాని మధ్యనున్న నిప్పురంధ్రం గుండ్రంగా, చిన్నగా ఉందో, అరిగి పెద్దదై అంచులు చెదిరాయో చూడాలి. అరిగితే మంట వెనక్కి తన్ని ప్రైమర్ చుట్టూ మసి చిమ్ముతుంది. అటుపై గొట్టానికి ఒకవైపు చిన్న లైటు పెట్టి రెండవ వైపు నుంచి చూడాలి. ప్లగ్‌కు ముందు మూడు నాలుగు అంగుళాల మేర చుక్కలు, గుంటలు ఎక్కువగా కనిపిస్తాయి. మధ్యలో ఉంగరంలా నీడ కనిపిస్తే అక్కడ గొట్టం ఉబ్బిందని అర్థం, అంటే గుండు మందు దాకా దిగకుండా ఎవరో కాల్చారు. చివరగా బిగుతుగా ఉన్న గుడ్డ పేలికను నెమ్మదిగా గొట్టమంతా లాగండి. కంటికి కనపడని గరుకు చేతికి తెలుస్తుంది. పేలిక ఒకేచోట పట్టుకుని దారాలు తెగివస్తే అక్కడ తుప్పు గుంట ఉన్నట్టే.

విడిభాగాలలో అదనపు బ్రీచ్ ప్లగ్, ఫైరింగ్ పిన్ స్ప్రింగు, అసలు కడ్డీ, స్కోప్ బిగించే బేసులు ముఖ్యమైనవి. ఇవి దొరకవని తెలిస్తే ధర ఎంత తక్కువైనా వద్దనుకోవడమే మంచిది.

చట్టం విషయంలో మనవాళ్లు, మజిల్‌లోడర్ ఏదైనా ఎవరైనా అడ్డులేకుండా కొనవచ్చునన్న పొరపాటు అభిప్రాయంలో ఉన్నారు. నల్లమందు కోసమే తయారై, మామూలు తూటా పేల్చలేని మజిల్‌లోడర్‌ను అమెరికా ఫెడరల్ చట్టం చాలావరకు మారణాయుధంగా (ఫైర్‌ఆర్మ్) లెక్కించదు, అందువల్ల చాలా రాష్ట్రాలలో నేపథ్య తనిఖీ లేకుండానే అమ్ముతారు. కానీ గొట్టం మారిస్తే మామూలు రైఫిల్ అయిపోయే ఎన్‌కోర్ వంటిది ఆ మినహాయింపులోకి రాదు. హెచ్-1బి, ఎఫ్-1 వంటి వలసేతర వీసా మీద ఉన్నవారు మారణాయుధాన్ని దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. వీసా మీద ఉన్నవారు ముందు వేట లైసెన్సు తీసుకుని, తమ రాష్ట్ర చట్టాన్ని న్యాయవాదితో సరిచూసుకున్నాకే డబ్బు చెల్లించాలి. సీజను నియమాలు కూడా రాష్ట్రాన్ని బట్టి మారతాయి: కొలరాడో మజిల్‌లోడర్ సీజనులో సాబోలు (గుండు చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగులు), బిళ్లలుగా చేసిన మందు కుదరవు, పెన్సిల్వేనియాలో చెకుముకి తుపాకీకే కేటాయించిన సీజను ఉంది.

కొన్నాక మొదటిసారి కాల్చేటప్పుడు ఆ మోడల్ అసలు మాన్యువల్ సంపాదించి, అందులోని గరిష్ఠ పరిమాణం కన్నా బాగా తక్కువతో మొదలుపెట్టాలి. నల్లమందును, దాని ప్రత్యామ్నాయాలను ఘనపరిమాణపు కొలతతో కొలుస్తారు, తూకంతో కాదు. ట్రిపుల్ సెవెన్ అదే కొలతలో నల్లమందు కన్నా బలమైనది కాబట్టి, నల్లమందుతో సమానమైన వేగం కావాలంటే 15 శాతం తగ్గించమని తయారీదారే చెబుతాడు. ఆ రోజు సాయంత్రమే ప్లగ్ విప్పి, మరలను బ్రష్‌తో శుభ్రం చేసి, మరలు పట్టేయకుండా ఆపే యాంటీ సీజ్ గ్రీజు రాసి, చేత్తో ఆగేదాకా తిప్పి, ఆ తరువాతే పనిముట్టుతో కొద్దిగా బిగించండి.