ఓవెన్ డిఫెన్స్: నల్లపావులతో పక్క నుంచి దాడి

చదరంగంలో తెలుపు ఇ4 వేస్తే (బంటును ఇ నిలువు వరుసలో నాలుగో గడికి తోస్తే) మీరు బి6 వేయండి. డి4కి జవాబుగా శకటును బి7కి తెండి. ఇక గురి అంతా ఇ4 బంటు మీదే. 1858లో ఇంగ్లండ్ ఆటగాడు జాన్ ఓవెన్ అమెరికా మేటి ఆటగాడు పాల్ మార్ఫీని ఓడించింది ఈ ఆరంభంతోనే. ఇ4ని కాయకుండా గుర్రం ఎఫ్3కి వస్తే బంటును చంపేయండి. శకటును డి3లో పెట్టి కాస్తే మీ ఎత్తులు ఇ6, సి5, గుర్రం ఎఫ్6.

చాలామంది చెడేది ఇక్కడే: తొందరపడి మూడో ఎత్తుగా ఎఫ్5 తోస్తారు. ఆ బంటును తెలుపు చంపుతుంది. మీ శకటు జి2ని చంపగానే మంత్రి హెచ్5లోంచి చెక్ చెబుతుంది. మీరు జి6 అడ్డం వేస్తే బంటు దాన్నీ చంపుతుంది. అప్పుడు గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చి మంత్రిని బెదిరించకండి. బంటు హెచ్7ని చంపి చెక్, మీరు మంత్రిని తీసుకుంటే తెల్ల శకటు జి6లో చెక్‌మేట్! బదులుగా శకటును జి7కి తెస్తే రాజుకు ఎఫ్8 ఖాళీ అవుతుంది.