జ్వరం దిగడం లేదా? ముందు కారణం చూడండి

"ఒళ్ళు పెనం మాదిరి కాలిపోతాంది" అని నుదుటి మీద చెయ్యి పెట్టి తేల్చేస్తే కుదరదు. చంకలో డిజిటల్ థర్మామీటర్ పెట్టండి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, ఆపైన ఉంటే జ్వరమే. చంకలో అసలు కన్నా కాస్త తక్కువే చూపిస్తుంది.

మాత్ర వేసినా దిగలేదు

చాలాసార్లు మోతాదు చాలక, లేదా మనకు ఓపిక చాలక. పారాసిటమాల్ పనిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఒకటి రెండు డిగ్రీలు తగ్గి మనిషి తేరుకుంటే మందు పనిచేసినట్టే. పూర్తిగా మామూలు కావాలని లేదు.

పిల్లలకు వయసును బట్టి కాదు, బరువును బట్టి వేయాలి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 12 కిలోల బిడ్డకు 120 నుంచి 180. సిరప్ 5 మిల్లీలీటర్లలో 125 ఉండేది ఒకటి, 250 ఉండేది ఇంకొకటి. సీసా మారితే మోతాదూ మారుతుంది కాబట్టి లేబుల్ చదవండి. వంటింటి చెంచాతో కొలవొద్దు. నాలుగు నుంచి ఆరు గంటలు ఎడం ఉంచి, రోజుకు నాలుగుసార్లు మించకూడదు. పెద్దలకు 650 మాత్రకూ అదే లెక్క. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది. రెండూ కలిపి మింగితే కాలేయానికి ముప్పు.

"సూది వేయిస్తే గంటలో దిగుతుంది" అనే మాట మన పల్లెల్లో పోలేదు. అది ఏ సూదో అడగండి. డెంగీ అయ్యుండి డైక్లోఫెనాక్ అనే నొప్పుల సూది పడితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ కూడా అంతే.

వణుకుతున్నారు, చేతులు చల్లగా ఉన్నాయి

జ్వరం ఇంకా ఎక్కుతోందన్న మాట. వణికేంతసేపు పలుచని దుప్పటి కప్పండి, ఆగాక తీసేయండి. ఐసు నీళ్ళతో తుడిస్తే వణుకు ఇంకా ఎక్కువవుతుంది. తుడవాలనుకుంటే గోరువెచ్చని నీళ్ళే. లంఖణం పేరుతో కడుపు మాడ్చొద్దు. మజ్జిగ, రాగి జావ, ఓఆర్ఎస్ ఏది దిగితే అది కొంచెం కొంచెంగా ఇవ్వండి.

ఎండలో పనిచేసొచ్చి కాలిపోతున్నారు, మాట తడబడుతోంది

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండకు ఇది జ్వరం కాదు, వడదెబ్బ. పారాసిటమాల్ ఎందుకూ పనికిరాదు. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోసి, గట్టిగా విసరండి. ఇక్కడైతే చన్నీళ్ళే మంచిది. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు. 108కి ఫోన్ చేయండి.

బిడ్డకు ఫిట్స్

ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో జ్వరంతో వస్తుంటాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, గడియారం చూడండి. చేతిలో తాళాలు, నోట్లో చెంచా వద్దు. ఐదు నిమిషాలు దాటితే 108. త్వరగా ఆగినా, మొదటిసారైతే ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.

జ్వరం దిగింది, మనిషి మాత్రం తేరుకోలేదు

నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇదే. కొళాయి రోజూ రాక డ్రమ్ముల్లో, తొట్లలో నీళ్ళు పట్టుకునే ఊళ్ళు మనవి; డెంగీ దోమకు అంతకన్నా ఏం కావాలి? డెంగీలో అసలు ప్రమాదం తరచూ జ్వరం తగ్గే రోజుల్లోనే, అంటే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య. రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోయి బీపీ పడిపోతుంది. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, నల్లటి విరేచనం, చల్లబడ్డ కాళ్ళు చేతులు, ఒకటే మగత లేదా కుదురులేనితనం: వీటిలో ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

ఇంట్లో ఆగకూడనివి

మూడు నెలల లోపు పసికందుకు 100.4 చూపించినా చాలు, వెంటనే ఆసుపత్రికి. ఆయాసం, మెడ బిగుసుకోవడం, లేపినా లేవకపోవడం, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం ఉన్నా అంతే. గర్భిణికి జ్వరమొస్తే ఆ రోజే చూపించాలి. మిగతావాళ్ళకు మూడో రోజుకూ తగ్గకపోతే మలేరియా, డెంగీ పరీక్షలు చేయించండి. ముందు దగ్గర్లోని పీహెచ్‌సీకి; పరిస్థితి విషమంగా ఉంటే కడప రిమ్స్‌కో, కర్నూలు, అనంతపురం పెద్దాసుపత్రులకో. ఏ టైముకు ఎంత జ్వరం ఉందో, ఏ మందు ఎంత వేశారో కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. డాక్టర్ మొదట అడిగేది అదే.