పాత ఈ-క్లాస్‌కు కొత్త టైర్లు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

2002–2009 మధ్య తయారైన మెర్సిడెస్ బెంజ్ ఈ-క్లాస్, అంటే మెకానిక్‌లు డబ్ల్యూ211 అని పిలిచే బండి, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చిన్న కారు ధరకే దొరుకుతోంది. ధర చిన్నదైనా బరువు, వేగం మాత్రం పెద్ద కారువే కాబట్టి టైర్ల విషయంలో చిన్న కారు లెక్క దీనికి పనికిరాదు. చాలామంది పాత టైరు మీద ఉన్న సైజు చదివి, అదే సైజులో తక్కువ ధరకు వచ్చింది వేయిస్తారు. ఆ పాత టైరును అంతకుముందు యజమాని ఏ లెక్కన వేయించాడో తెలియనప్పుడు అది సరైన ఆధారం కాదు. పెట్రోలు మూత లోపలి స్టిక్కరును, మాన్యువల్‌ను చూసి, ఆ తర్వాత బండి చూపుతున్న లక్షణాలను బట్టి నిర్ణయించుకోవాలి.

మీటరు ఎక్కువ వేగం చూపుతోంది. నిండా మనుషులు ఎక్కితే టైర్లు నలిగినట్టు కనిపిస్తున్నాయి

ఈ బండికి 16 అంగుళాల రిమ్ మీద కంపెనీ ఇచ్చే ప్రధాన సైజు 225/55 ఆర్16 (225 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 55 అంటే ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు శాతం, 16 అంటే అంగుళాల్లో రిమ్). ఇది అన్ని షాపుల్లో ఉండదు గనుక, ఎక్కడైనా దొరికే 205/55 ఆర్16ను “రిమ్ అదే కదా” అంటూ ఎక్కించేస్తుంటారు. మొదటిదాని వ్యాసం సుమారు 654 మిల్లీమీటర్లు, రెండోదానిది 632 మాత్రమే. అంటే చక్రం మూడు శాతానికి పైగా చిన్నదవుతుంది. మీటరు 100 చూపినా నిజమైన వేగం 97 కూడా ఉండదు.

అంతకంటే ముఖ్యమైనది లోడ్ ఇండెక్స్, అంటే టైరు మోయగల బరువును తెలిపే సంఖ్య. సైజు పక్కన ఉండే రెండంకెల సంఖ్య 95 అయితే ఆ టైరు 690 కిలోలు మోయగలదని అర్థం. 205/55 ఆర్16కు సాధారణంగా ఉండే 91కి అది 615 కిలోలే. నాలుగు చక్రాలకూ కలిపి 300 కిలోల సామర్థ్యం పోయినట్టే. పరిష్కారం ఒక్కటే: స్టిక్కరు సైజుకు తిరిగి రావడం, లోడ్ ఇండెక్స్ 95కు తగ్గకుండా చూసుకోవడం. 17 అంగుళాల రిమ్ ఉంటే 245/45 ఆర్17 వేసుకోవచ్చు. దాని వ్యాసం 652 మిల్లీమీటర్లు కాబట్టి మీటరు లెక్క తప్పదు. అయితే గుంతల రోడ్ల మీద తిరిగే బండికి 16 అంగుళాలే మేలని నా అభిప్రాయం. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తుగా ఉంటే రిమ్ వంగడం, టైరు పక్కన బుడగ రావడం తగ్గుతుంది.

టైరు లోపలి అంచు మాత్రమే అరిగిపోతోంది

బయటి నుంచి చూస్తే గుండీలు (రోడ్డుకు తగిలే రబ్బరు దిమ్మెలు) నిండుగా కనిపిస్తాయి. బండి లిఫ్ట్ ఎక్కాక చూస్తే లోపలి అంచు గుండై, కొన్నిసార్లు తీగలు బయటపడి ఉంటాయి. పాత లగ్జరీ సెడాన్లలో తరచుగా కనిపించే సమస్య ఇదే. కొత్త టైర్లు కొన్నంత మాత్రాన ఇది తీరదు, వాటినీ అలాగే తినేస్తుంది. స్ప్రింగులు కుంగడం, ఎయిర్ సస్పెన్షన్ ఎత్తు తగ్గడం, ఆర్ముల బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు) సాగిపోవడం వల్ల చక్రం పైభాగం లోపలికి వాలిపోతుంది, ఈ వాలునే క్యాంబర్ అంటారు; దానికి టో (పై నుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండటం) తేడా కూడా తోడైతే అరుగుదల మరింత వేగంగా సాగుతుంది.

తేడాను చేతితోనే గుర్తించవచ్చు. అరచేతిని గుండీల మీద అడ్డంగా బయటి నుంచి లోపలికి, ఆ తర్వాత లోపలి నుంచి బయటికి జరపండి. ఒకవైపు నున్నగా జారుతూ మరోవైపు రంపపు పళ్లలా తగిలితే టో తప్పిందని అర్థం. రెండువైపులా నున్నగానే ఉండి లోపలి అంచు మాత్రం పల్లంగా ఉంటే క్యాంబర్‌ను అనుమానించాలి. ముందు బుష్‌లు, బాల్ జాయింట్లు చూపించి, అరిగినవి మార్పించి, ఆ తర్వాతే టైర్లు వేయించి, నాలుగు చక్రాలకూ అలైన్‌మెంట్ చేయించాలి. ముందు చక్రాలకు మాత్రమే చేసి పంపే షాపు ఈ బండికి సరిపోదు. సర్దుబాటుకు ముందు, తర్వాత వచ్చిన కొలతల కాగితం అడిగి తీసుకోండి.

80–110 వేగంలో వణుకు

స్టీరింగ్ వణికితే ముందు చక్రాలను, సీటు వణికితే వెనుక చక్రాలను అనుమానించాలి. బ్రేకు తొక్కినప్పుడే వస్తే అది డిస్కుల సమస్య, టైర్లది కాదు. పొద్దున బయలుదేరినప్పుడు ఉండి, కొన్ని కిలోమీటర్ల తర్వాత తగ్గితే సెల్లార్‌లో ఎక్కువ రోజులు నిలబెట్టడం వల్ల టైరు ఒకచోట చదునైందని అర్థం. వేగంలో ఎప్పుడూ ఉంటే బ్యాలెన్సింగ్ చేయించండి; ఆ సమయంలోనే మెషిన్ మీద రిమ్ తిప్పి వంపు ఉందేమో చూపించమనండి. బయటి కంపెనీ అల్లాయ్‌లు వేసి ఉంటే ఇంకో సంగతి చూడాలి. మెర్సిడెస్ హబ్ (రిమ్ మధ్య రంధ్రం కూర్చునే భాగం) వ్యాసం 66.6 మిల్లీమీటర్లు, రిమ్ మధ్య రంధ్రం అంతకంటే పెద్దదైతే, మధ్యలో రింగు లేకుండా ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా వణుకు పోకపోవచ్చు.

గుండీలు ఉన్నా మోత, వానలో జారుడు

రబ్బరు గట్టిపడింది. సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అనే అక్షరాలున్న వరుస చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. అరుగుదల ఎంత తక్కువున్నా ఆరేళ్లకు మార్చమని మెర్సిడెస్ మాన్యువల్ చెబుతుంది. ఎండలో నిలబెట్టే బండికి ఆ గడువును కచ్చితంగా పాటించడం మంచిది. కొత్తవి కొనేటప్పుడూ ఈ అంకెలే ముందు చూడండి. అరుదైన సైజు కాబట్టి షాపులో ఏళ్ల తరబడి పడి ఉన్న సరుకును డిస్కౌంట్ పేరుతో అంటగట్టే అవకాశం ఉంది. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిపై ఆంక్షలు పెట్టింది కాబట్టి దిగుమతి సరుకునే నమ్ముకోకుండా, ఈ సైజు దేశంలో తయారు చేస్తున్న కంపెనీలేవో ముందుగా విచారించండి.

రెండు టైర్లే మార్చగలిగితే కొత్తవి వెనుకకు వేయించండి. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే బండి నేరుగా పోతుంది, వేగం తగ్గిస్తే అదుపులోకి వస్తుంది. వెనుకవి జారితే బండి తిరిగిపోతుంది. గుండీల లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరేదాకా ఆగకుండా, 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చుకోవడం మేలు.

పక్క బండి సంగతి: రన్‌ఫ్లాట్ టైర్లు

ఇదే కాలపు బీఎండబ్ల్యూ 5 సిరీస్ ఈ60లో చాలావాటికి రన్‌ఫ్లాట్ టైర్లు, అంటే గాలి పోయినా కొంత దూరం నడిచే గట్టి పక్క గోడల టైర్లు వచ్చాయి. గతుకు నేరుగా నడుముకు తగులుతోందని మామూలు టైర్లకు మారేవారు నాలుగూ మార్చాలి, రెండు రకాలు కలపకూడదు. స్టెప్నీ లేని బండి కాబట్టి డిక్కీలో పంక్చర్ కిట్, కంప్రెసర్ ఉంచుకోవాలి.

బిల్లు కట్టే ముందు

సైజు చివరి అక్షరమైన స్పీడ్ రేటింగ్ హెచ్ అంటే గంటకు 210, వి అంటే 240, డబ్ల్యూ అంటే 270 కిలోమీటర్ల వరకు. “మనం అంత వేగం పోము కదా” అని తక్కువది ఇస్తామంటే ఒప్పుకోకండి. మాన్యువల్‌లో చెప్పినదానికి తగ్గకూడదు, ఎందుకంటే ఆ అక్షరం వేడిని తట్టుకునే శక్తికి కూడా గుర్తు. మెర్సిడెస్ ఆమోదించినట్టు తెలిపే ఎంఓ గుర్తు ఉంటే మంచిదే, లేకపోతే ఆందోళన అక్కర్లేదు. టైర్లు బిగించాక బోల్టులను ఇంపాక్ట్ గన్‌తోనే వదిలేయకుండా టార్క్ రెంచితో 130 న్యూటన్ మీటర్లకు బిగించమనండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరొకసారి చూపించుకోండి. గాలి మాత్రం పెట్రోలు మూత లోపలి స్టిక్కరు ప్రకారం, టైర్లు చల్లగా ఉన్నప్పుడే పట్టించండి.